వచనాల దగ్గర ఆగని వాదం

రిచర్డ్ హేస్ అమెరికాలో పేరున్న కొత్త నిబంధన పండితుడు. క్రైస్తవ నైతికత గురించి 1996లో ఆయన తెచ్చిన పుస్తకంలో స్వలింగ సంబంధాల మీద ఒక అధ్యాయం ఉంది. బైబిలు ఈ సంబంధాలను ఒప్పుకోదని, అలాంటి ఆకర్షణ ఉన్న విశ్వాసులు బ్రహ్మచర్యం పాటించాలని అందులో తేల్చారు. ద్వేషం లేకుండా, కారణాలు చూపుతూ రాసిన అధ్యాయం కావడంతో ఎక్కడ చర్చ జరిగినా సంప్రదాయవాదులు దానినే ముందు పెట్టేవారు. 2024లో అదే హేస్, పాత నిబంధన పండితుడైన కుమారుడు క్రిస్టఫర్‌తో కలిసి మరో పుస్తకం తెచ్చారు. స్వలింగ జంటలను సంఘం పూర్తిగా చేర్చుకోవాలని ఈసారి వాదించారు. 2025 జనవరిలో కన్నుమూశారు.

పండితులు మనసు మార్చుకోవడం వింత కాదు. వింత ఏమిటంటే, స్వలింగ సంబంధాలను ఖండించే కొద్ది వచనాలను అప్పట్లో తప్పుగా చదివానని హేస్ చెప్పుకోలేదు. వాటిని అలాగే ఉంచి, బైబిలు మొదటి పుటల నుంచి చివరి దాకా దేవుని కనికరం ఎలా విస్తరిస్తూ పోయిందో చూడమన్నారు. ఆస్ట్రేలియా పండితుడు విలియం లోడర్ దారి కూడా దాదాపు ఇదే. ప్రాచీన యూదుల లైంగిక నీతి మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఆయన, కొత్త నిబంధనలోని చాలా పత్రికలు రాసిన అపొస్తలుడు పౌలు స్వలింగ లైంగిక చర్యలన్నిటినీ తప్పుపట్టాడనీ దానిని మెత్తబరచడం కుదరదనీ అంటారు. అయినా నేటి సంఘం ఆ తీర్పును దాటి వెళ్లవచ్చని కూడా ఆయనే అంటారు.

అర్థం విషయంలో సంప్రదాయవాదులతో ఏకీభవించి, నిర్ణయం దగ్గర విడిపోయిన పండితులు వీరు. అంటే తగవంతా వచనాల అర్థం మీద నడుస్తున్నట్టు కనిపించినా, దాని వేరు మరెక్కడో ఉంది. ఒక పాత వచనం నేటి మనిషిని ఏ దారిలో వచ్చి కట్టిపడేస్తుంది? వచనం, సంప్రదాయం, అనుభవం, బుద్ధి, వీటిలో ఎవరి మాట చివరిది? చర్చిలు చీలిపోతున్నది ఈ ప్రశ్న మీద. వచనాలు ఆ ప్రశ్నకు రంగస్థలం మాత్రమే.

ముందుగా పదం గురించి ఒక మాట. మన పత్రికల్లో స్థిరపడిన 'స్వలింగ సంపర్కులు' అనే పదం మనిషిని చర్యతో కొలుస్తుంది. జీవితాంతం ఎవరినీ తాకకుండా ఉన్న విశ్వాసిని కూడా అది 'సంపర్కుడు' అనే అంటుంది. ఈ చర్చలో సగం భాగం ఆకర్షణకూ చర్యకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే కనుక, ఆ గీతను ముందే చెరిపేసే పదాన్ని ఇక్కడ వాడడం లేదు.

సొదొమ నుంచి కొరింథు దాకా

ఎక్కువగా వినిపించేది సొదొమ కథ. తక్కువ బరువున్నదీ అదే. ఆదికాండము 19లో లోతు ఇంటిని ఊరి మగవాళ్లు చుట్టుముట్టి, అతిథులను బయటికి తెమ్మంటారు. అది మూక బలాత్కారానికి దిగిన కథ. కలిసి బతకాలనుకునే ఇద్దరి మీద తీర్పును దాని నుంచి లాగడం కష్టం. సొదొమ దోషం ఏమిటో యెహెజ్కేలు 16:49 పేరుపేరునా చెబుతుంది: గర్వం, తిండి సమృద్ధి, నిశ్చింతగా సుఖపడడం, దీనులకూ దరిద్రులకూ సాయపడకపోవడం. తర్వాతి వచనంలోనే 'హేయక్రియలు' అన్న మాట ఉందని, యూదా పత్రిక కూడా సొదొమ లైంగిక పాపాన్ని ప్రస్తావిస్తుందని సంప్రదాయవాదులు గుర్తుచేస్తారు. నిజమే. కానీ ఈ చర్చకు ఆ కథ అసలు సంబంధించదని 1996 నాటి హేస్ కూడా రాశారు. అయినా అది జనం నోట నిలిచింది. 11వ శతాబ్దంలో పీటర్ డామియన్ అనే సన్యాసి గొమొర్రా పేరుతో ఒక గ్రంథం రాసి పోపు తొమ్మిదవ లియోకు పంపాడు. ఊరి పేరు క్రమంగా పాపం పేరైంది, ఆ తర్వాత నేరం పేరైంది.

లేవీయకాండము సంగతి వేరు. "స్త్రీ శయనమువలె పురుషశయనము కూడదు, అది హేయము" అని 18:22 సూటిగా అంటుంది. 20:13 దానికి మరణశిక్ష విధిస్తుంది. పంది మాంసం, రెండు రకాల నూలు కలిపి నేసిన బట్ట కూడా నిషిద్ధమే కదా, వాటిని వదిలి దీనిని ఎలా పట్టుకుంటారని చాలామంది అడుగుతారు. సంప్రదాయవాదుల చేతిలో దీనికి జవాబు సిద్ధంగా ఉంటుంది. 18వ అధ్యాయంలో ఉన్నవి వావివరుసలు తప్పడం, పరాయి భార్యను కూడడం, పిల్లలను బలి ఇవ్వడం. ఈ పనుల వల్లనే ఇతర జనాంగాలను కూడా ఆ దేశం కక్కివేసిందని అధ్యాయం చివర ఉంది. కనుక ఇవి ఇశ్రాయేలుకు మాత్రమే వర్తించే ఆచారాలు కావు. బలమైన జవాబే, కానీ అందులో ఒక చిల్లు ఉంది. అదే జాబితాలో, మూడు వచనాల ముందు, బహిష్టులో ఉన్న భార్య దగ్గరికి వెళ్లకూడదన్న ఆజ్ఞ కూడా ఉంది. దాని గురించి ఏ సంఘమైనా ఈ రోజుల్లో ఎవరినైనా విచారించిందా? జాబితా మొత్తం శాశ్వతమనేవారు కూడా తెలిసో తెలియకో అందులో ఏరుకుంటూనే ఉన్నారు.

ఇక కొత్త నిబంధన. దేవుని రాజ్యానికి వారసులు కానివారి జాబితా ఒకటి కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6:9లో ఉంది. మన పాత అనువాదంలో "ఆడంగితనముగలవారైనను పురుష సంయోగులైనను" అని చదువుతాం. ఈ రెండు మాటల వెనక ఉన్న గ్రీకు పదాలు మలకోయ్, అర్సెనొకోయ్‌తాయ్. మొదటి దానికి అక్షరాలా అర్థం 'మెత్తనివారు'. మత్తయి సువార్తలో రాజగృహాల్లో ఉండేవారి మెత్తని బట్టల గురించి చెప్పేటప్పుడు వచ్చేదీ ఈ పదమే. మనుషులకు వాడితే పౌరుషం లేనివాడు, విలాసి, సంభోగంలో స్త్రీ స్థానంలో ఉండేవాడు అంటూ సందర్భాన్ని బట్టి మారుతుంది. 'ఆడంగితనము' అన్న తెలుగు మాట ఆ పదంలోని హేళనను బాగానే పట్టుకుంది. అయితే ఆ హేళన వెనక ఆడతనమంటే తక్కువ అన్న లోకం కూడా ఉందని మరిచిపోకూడదు.

రెండో పదం కథ మరింత ఆసక్తికరం. పౌలుకు ముందు గ్రీకు రచనల్లో అది దొరకదు. పురుషుడు, పడక అనే రెండు పదాలను అతికిస్తే వచ్చింది. లేవీయకాండము 20:13కు ఉన్న గ్రీకు అనువాదంలో సరిగ్గా ఆ రెండు పదాలూ పక్కపక్కనే ఉన్నాయి. పౌలు అక్కడి నుంచే పదాన్ని కట్టి ఉంటాడన్న వాదన నా దృష్టిలో చాలా గట్టిది. మరో పక్షం ఇలా అంటుంది: పదం పుట్టుక పదం వాడుకను తేల్చదు, తర్వాతి గ్రంథాల్లో ఈ మాట చాలాసార్లు దోపిడీ, మోసం వంటి పాపాల వరుసలో కనిపిస్తుంది, కనుక డబ్బుతోనో బలంతోనో కుర్రవాళ్లను వాడుకునేవారి గురించి కావచ్చు. 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కర్త లూథర్ జర్మన్ అనువాదం కూడా ఈ చోట బాలురను చెరిచేవారన్న అర్థమున్న మాటే వాడింది.

ఇక్కడ ఒక ప్రచారాన్ని సరిదిద్దాలి. 'హోమోసెక్సువల్' అనే పదం 1946లో వచ్చిన ఒక ఆంగ్ల అనువాదంతోనే బైబిల్లోకి ప్రవేశించిందని చెబుతారు. ఆంగ్లం వరకు అది నిజమే. ఆ అనువాదకులు రెండు గ్రీకు పదాలను కలిపేసి ఆ ఒక్క మాట పెట్టారు. 1971 నాటి సవరణలో దానిని తీసేశారు. చర్యను ఖండించే మాట స్థానంలో, స్వభావాన్ని సూచించే, 1869లో గానీ అచ్చులో కనిపించని ఆధునిక పదాన్ని పెట్టడం పొరపాటే. అంతమాత్రాన క్రైస్తవ లోకంలో ఖండన 1946లోనే మొదలైందనడం చరిత్ర కాదు. నాలుగో శతాబ్దపు సంఘపెద్ద క్రిసోస్టమ్ ప్రసంగాలు, ఆరో శతాబ్దపు జస్టీనియన్ చక్రవర్తి శాసనాలు అప్పటికే ఉన్నాయి.

చివరికి అందరూ చేరేది రోమీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయానికే. అందరూ అంటే సంప్రదాయవాదులూ, వారిని కాదనేవారూ. పేరాగ్రాఫ్ నడక చూడాలి. మనుషులు సృష్టికర్త మహిమను ప్రతిమలతో మార్చుకున్నారు, సత్యాన్ని అబద్ధంతో మార్చుకున్నారు, ఆ వెంటనే వారి స్త్రీలు "స్వాభావికమైన ధర్మమును విడిచి" మరో దానిని పట్టుకున్నారు, పురుషులూ అలాగే చేశారు. స్త్రీల మధ్య సంబంధాన్ని బైబిలు తాకిందని చెప్పదగిన చోటు ఇదొక్కటే. సంప్రదాయ వ్యాఖ్యానం ప్రకారం పౌలు ఇక్కడ ఆదికాండపు సృష్టి క్రమాన్ని తలుచుకుంటున్నాడు, విగ్రహారాధన దేవుని తలకిందులు చేసినట్టే ఇది ఆ క్రమాన్ని తలకిందులు చేస్తుంది. ఎవరు ఎవరిని వాడుకున్నారన్న దోపిడీ ప్రశ్న ఇక్కడ లేదు, 'ఒకరియెడల ఒకరు' అన్న పరస్పరతే ఉంది.

స్వలింగ సంబంధాలను అంగీకరించే పక్షం మూడు వైపుల నుంచి వస్తుంది. మొదటిది, పౌలు 'స్వభావం' అన్న మాటను ఎప్పుడూ ఒకే అర్థంలో వాడలేదు. పురుషుడు జుట్టు పెంచుకోవడం అవమానమని స్వభావమే నేర్పుతుందని కొరింథీయులతో అంటాడు. అన్యజనులను ఒలీవ చెట్టుకు 'స్వభావవిరుద్ధముగా' అంటుకట్టినవాడు దేవుడేనని ఇదే రోమా పత్రిక 11వ అధ్యాయంలో అంటాడు. రెండోది, పౌలు వర్ణిస్తున్నది మితిమీరిన కామంతో మండిపోతున్న విగ్రహారాధకులను. ప్రార్థనతో జీవితం గడుపుతూ ఒకరికి ఒకరు నమ్మకంగా ఉండే ఇద్దరిని ఆయన చూడలేదు. మూడోది, పుట్టుకతోనో బాల్యంలోనో స్థిరపడే లైంగిక స్వభావం అన్న భావనే ఆ కాలానికి లేదు.

ఈ మూడింటిలో చివరిది అందరూ వాడేది, అన్నిటికంటే పెళుసైనదీ. ప్లేటో 'సింపోజియం'లో అరిస్టోఫేనిస్ చెప్పే కథలో పురుషుల కోసమే వెతికే పురుషులు, స్త్రీల కోసమే వెతికే స్త్రీలు పుట్టుకతోనే ఉంటారు. పుట్టిన వేళ గ్రహాల వల్ల కొందరికి అలాంటి స్వభావం వస్తుందని నాటి జ్యోతిషులూ రాశారు. నేటి మనస్తత్వశాస్త్రం చెప్పే భావన అప్పుడు లేకపోవచ్చు గానీ, ప్రాచీనులకు ఏమీ తెలియదనడం అతి. దావీదు యోనాతానుల స్నేహాన్ని ప్రేమకథగా చదవడం కూడా ఇలాంటి బలహీనమైన వాదనే. యేసు దీని గురించి ఒక్క మాటా అనలేదన్నదీ అంతే. ఆనాటి యూదుల్లో దీని మీద తగవే లేదు, లేని తగవులో ఆయన మాట్లాడకపోవడం ఏ పక్షానికీ సాక్ష్యం కాదు. రోమా పత్రిక విషయంలో సంప్రదాయవాదులు తరచుగా చేసే తప్పు మరొకటుంది. మొదటి అధ్యాయం దగ్గర పుస్తకం మూసేస్తారు. ఆ జాబితా విని తల ఊపుతున్న చదువరిని పౌలు తర్వాతి అధ్యాయం మొదటి వచనంలోనే పట్టుకుంటాడు: తీర్పు తీర్చే మనిషీ, నీవు నిరుత్తరుడవు.

పెళ్లి దేనికి

నిషేధ వచనాలన్నీ లేవనుకున్నా సంప్రదాయవాది చేతిలో ఇంకా అసలు కార్డు మిగిలే ఉంటుంది. విడాకుల గురించి పరిసయ్యులు అడిగినప్పుడు మత్తయి 19లో యేసు ఆదికాండానికి వెళ్లాడు. సృజించినవాడు ఆదినుండి వారిని పురుషునిగానూ స్త్రీగానూ సృజించాడనీ, ఇద్దరూ ఏకశరీరమవుతారనీ చెప్పాడు. ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆ జంటను క్రీస్తుకూ సంఘానికీ గుర్తుగా నిలిపింది. వధువుతో మొదలై గొర్రెపిల్ల వివాహోత్సవంతో ముగిసే కథలో స్త్రీ పురుష భేదం అలంకారం కాదు, వ్యాకరణం అని వారి వాదన.

ఆ భేదం దేనికోసం అన్నచోట సంప్రదాయవాదుల్లోనే చీలిక ఉంది. వివాహానికి మూడు మేళ్లు ఉన్నాయని తొలి శతాబ్దాల వేదాంతి అగస్టీన్ చెప్పాడు: సంతానం, విశ్వసనీయత, విడదీయరాని పవిత్ర బంధం. వెయ్యేళ్లకు పైగా పాశ్చాత్య సంఘం సంతానాన్ని మిగతా రెండిటి నుంచి విడదీయలేదు. 1930లో ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి కుటుంబానికి చెందిన) బిషప్పుల లాంబెత్ సమావేశం కొన్ని షరతులతో గర్భనిరోధానికి అనుమతి ఇచ్చింది. తర్వాత ప్రొటెస్టెంట్ సంఘాల్లో చాలావరకు అదే దారి పట్టాయి. క్యాథలిక్ చర్చి పట్టలేదు. 1968లో పోపు ఆరవ పౌలు ప్రతి దాంపత్య కలయికా సంతానానికి తెరిచి ఉండాలని మళ్లీ ఖరారు చేశారు.

స్వలింగ సంబంధాల మీద వాటికన్ వాదన నిలబడింది ఈ పునాది మీదే. సంతానానికి మూసుకుపోయిన ప్రతి లైంగిక చర్యనూ, స్త్రీ పురుషుల మధ్యదైనా సరే, అది తప్పుపడుతుంది. ఒప్పుకున్నా లేకున్నా దాని పొందికను మెచ్చుకోవాలి. గర్భనిరోధాన్ని ఆమోదించిన ప్రొటెస్టెంట్ సంప్రదాయవాది సంతానం పేరు ఎత్తలేడు. అందుకే స్త్రీ పురుషుల 'పరస్పర పూరకత్వం' అనే మాట మీద ఎక్కువ భారం వేస్తాడు. సంతానం కలగని వృద్ధ దంపతుల పెళ్లి చెల్లినప్పుడు ఇది ఎందుకు చెల్లదని అడిగితే, భేదమే ముఖ్యం అంటాడు. ఆ భేదంలో సంతానం కాకుండా ఇంకేముందో చెప్పమంటే జవాబులు రకరకాలుగా వస్తాయి.

అంగీకరించేవారు ఆదికాండాన్ని మరోచోట తెరుస్తారు. "నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదు." సృష్టిలో దేవుడు మంచిది కాదన్న మొదటి సంగతి ఒంటరితనం. ఏకశరీరం అన్నది రక్తసంబంధానికి వాడే మాట, కొత్త బంధుత్వం ఏర్పడడాన్ని చెబుతుందని, నిబంధనలా నిలిచే నమ్మకమే పెళ్లికి ప్రాణమని వారి పఠనం. ఆ నమ్మకం ఇద్దరు పురుషుల మధ్య, ఇద్దరు స్త్రీల మధ్య కనిపిస్తున్నప్పుడు దానిని పాపమని ఎలా అంటారని అడుగుతారు.

సంఘం మాట మార్చిన సందర్భాలు

ఇక్కడి నుంచి వాదన అనుభవం వైపు తిరుగుతుంది. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో యేసు శిష్యుడు పేతురు, యూదుడు కాని రోమా సైనికాధికారి కొర్నేలి ఇంటికి వెళ్లాడు. సున్నతి లేనివారి మీద పరిశుద్ధాత్మ దిగడం కళ్లారా చూశాడు. 15వ అధ్యాయంలో యెరూషలేము సభ ఆ సాక్ష్యం విని, అన్యజనులకు సున్నతి అక్కర్లేదని తేల్చింది. ఆదికాండములో నిత్య నిబంధన అని రాసి ఉన్న ఆజ్ఞ అది! స్వలింగ జంటల జీవితాల్లో ఆత్మఫలాలు కనిపిస్తుంటే పేతురులా మనమూ నమ్మాలి కదా అని అంగీకరించే పక్షం అడుగుతుంది. వారి వాదనల్లో నాకు ఎక్కువ లోతుగా తోచేది ఇదే. కానీ ఆ సభ తీర్మానాన్ని చివరి దాకా చదివితే, అన్యజనులు మానుకోవలసిన కొద్ది విషయాల్లో జారత్వం ఒకటని ఉంది. తలుపు తెరిచిన పత్రమే ఒక గడపను కూడా చూపించిందని సంప్రదాయవాదులు అంటారు.

బానిసత్వం పోలిక తరచుగా వస్తుంది. బైబిలు వచనాలతోనే బానిసత్వాన్ని సమర్థించారు, చివరికి సంఘం దానిని విడిచిపెట్టింది. దీనికి జవాబుగా చెప్పేది ఏమిటంటే, బానిసత్వం విషయంలో బైబిలు లోపలే ఎదురుగాలి ఉంది. నిర్గమ కథ, ఫిలేమోను పత్రిక, దాసుడనీ స్వతంత్రుడనీ లేదన్న గలతీయుల వాక్యం ఉన్నాయి. పురుషసంయోగులను పేర్కొన్న 1 తిమోతి 1:10 అదే వరుసలో మనుష్య చోరులను, అంటే మనుషులను ఎత్తుకుపోయి అమ్మేవారిని కూడా ఖండిస్తుంది. స్వలింగ చర్యల విషయంలో అలాంటి ఎదురుగాలి ఒక్క వచనంలోనైనా లేదు. ఈ తేడా నిజమైనదే.

విడాకుల పోలికను మాత్రం అంత తేలికగా తోసివేయలేరు. విడాకులైనవారి పునర్వివాహం గురించి యేసు స్వయంగా మాట్లాడాడు, కటువుగానే. చాలా ప్రొటెస్టెంట్ సంఘాలు వారికి పెళ్లిళ్లు చేస్తున్నాయి, ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో, చేర్చుకుంటున్నాయి. ఆర్థొడాక్స్ చర్చి పశ్చాత్తాప ప్రార్థనలతో కూడిన ప్రత్యేక క్రమంలో రెండో పెళ్లికి చోటిచ్చింది. అక్కడ మానవ బలహీనతకు చోటిచ్చినవారు ఇక్కడ ఎందుకు ఇవ్వరు? విడాకులను మేమెప్పుడూ మంచిదని కొనియాడలేదు, వైఫల్యంగానే చూశామని వారు అంటారు. సరే, అదే దయను వైఫల్యం పేరుతోనైనా ఇవ్వవచ్చు కదా అంటే చాలా చోట్ల మౌనమే జవాబు.

ఈ చర్చలో తక్కువగా వినబడే గొలుసు మరొకటుంది. నపుంసకుడు యెహోవా సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండము 23:1. నా విశ్రాంతిదినాలను ఆచరించే నపుంసకులకు కొడుకులూ కూతుళ్లూ అనిపించుకోవడం కంటే శ్రేష్ఠమైన పేరు పెడతానని యెషయా 56. దారిలో నీళ్లు చూసి, నాకు బాప్తిస్మమివ్వడానికి ఆటంకమేమని అడిగిన ఐతియొపీయుడైన నపుంసకుడు అపొస్తలుల కార్యములు 8లో. ధర్మశాస్త్రం వెలివేసినవాడిని ప్రవక్త పిలిచాడు, సువార్తికుడైన ఫిలిప్పు నీళ్లలోకి దింపాడు. దీనిని అంగీకరించే పక్షం తమ ఉదాహరణగా తీసుకుంటుంది. విచిత్రంగా, బ్రహ్మచర్యాన్ని ఎంచుకున్న గే విశ్వాసులు కూడా దీనినే తమదిగా చదువుకుంటారు.

రెండు పక్షాలు సరిపోవు

ఒప్పుకునేవారు, ఒప్పుకోనివారు అని రెండు గుంపులుగా చెబితే ఈ చివరివారు ఎక్కడా ఇమడరు. వారు తాము గే అని దాచుకోరు, ఆ ఆకర్షణ మారుతుందని ఆశించరు, పెళ్లి స్త్రీ పురుషులదేనన్న బోధను నమ్మి ఒంటరిగా ఉంటారు. అమెరికాలో గే క్రైస్తవుల మధ్య జరిగిన చర్చల్లో వీరికి 'బి' పక్షమనీ, స్వలింగ వివాహాన్ని దేవుడు ఆశీర్వదిస్తాడనేవారికి 'ఎ' పక్షమనీ పేర్లు పడ్డాయి. వీరు కాక 'గే' అన్న పేరే విశ్వాసికి తగదనేవారు ఉన్నారు. ప్రార్థనతో, చికిత్సతో ఆకర్షణే మారుతుందని చెప్పేవారూ ఉన్నారు.

మారుతుందన్న వాదన ఎక్కువ కాలం రాజ్యమేలింది, ఎక్కువ గాయాలు చేసింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లో స్వలింగ ఆకర్షణను రుగ్మతల పట్టిక నుంచి తొలగించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ఆ పని చేసింది. అయితే 1976లో పుట్టిన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అనే క్రైస్తవ సంస్థ మార్పు సాధ్యమన్న ఆశ మీద దశాబ్దాల పాటు నడిచింది. దాని అధ్యక్షుడు అలన్ చేంబర్స్, తాను కలిసినవారిలో 99.9 శాతం మందికి ఆకర్షణ మారలేదని 2012లో ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది క్షమాపణ చెప్పి సంస్థను మూసేశారు. వేలమంది యువతీ యువకులు తమ విశ్వాసం చాలకనే మార్పు రాలేదని అనుకుని నలిగిపోయిన తర్వాత వచ్చిన క్షమాపణ అది.

మార్పు లేదని తేలాక సంప్రదాయ బోధకు మిగిలిన దారి బ్రహ్మచర్యం. యేసు పెళ్లి చేసుకోలేదు, పౌలు చేసుకోలేదు. కనుక పెళ్లి లేని జీవితం తక్కువ జీవితమని క్రైస్తవం అనలేదు. చిక్కు ఎక్కడంటే, అందరికీ ఆ వరం లేదని, "కామతప్తులగుటకంటె పెండ్లి చేసికొనుట మేలు" అని పౌలే రాశాడు. పాదిరులకు విధించిన బ్రహ్మచర్యాన్ని లూథర్ ఎదిరించింది ఇలాంటి వచనాలతోనే. వరం లేనివారి మీద వ్రతం రుద్దకూడదని 16వ శతాబ్దంలో తిరగబడిన ప్రొటెస్టెంట్లు, ఇక్కడ మాత్రం వరం ఉందో లేదో అడగకుండా వ్రతం ఇస్తున్నారు. ఆకర్షణ ఉన్నంత మాత్రాన అది పిలుపు అయిపోదని సమాధానం చెబుతారు, పెళ్లి కుదరని స్త్రీ పురుషులకూ అదే బోధ అంటారు. వారికి రేపటి ఆశ ఉంటుంది, వీరికి ఆ ఆశే నిషిద్ధమన్నది తిరుగు జవాబు.

బ్రహ్మచర్యంలో ఉన్న గే విశ్వాసుల ఫిర్యాదు తరచుగా వాదనల మీద కాదు, ఆదివారం తర్వాతి ఆరు రోజుల మీద. సంఘాల జీవితమంతా కుటుంబాల చుట్టూ తిరుగుతుంది. జబ్బుపడితే పక్కన ఎవరుంటారు, ముసలితనంలో ఎవరింట్లో ఉండాలి? 12వ శతాబ్దపు మఠాధిపతి ఎల్రెడ్ ఆత్మీయ స్నేహం మీద ఒక గ్రంథమే రాశాడు. మఠాలు ఒంటరివారికి ఇల్లూ తోడూ ఇచ్చాయి. మఠాలను మూసేసిన సంఘాలు ఆ స్థానంలో ఏమీ కట్టలేదు.

చర్చిలు ఎక్కడ నిలిచాయి

క్యాథలిక్ బోధ కాగితం మీద కదల్లేదు. 1992 నాటి ధర్మోపదేశ గ్రంథం స్వలింగ చర్యలు స్వతహాగా క్రమం తప్పినవని, ఆ మనుషులను మాత్రం గౌరవంతో, కనికరంతో, సున్నితంగా అంగీకరించాలని చెబుతుంది. ఈ రెండు వాక్యాల్లో ఒకదానినే గుర్తుపెట్టుకునేవారు రెండు వైపులా ఉన్నారు. పోపు ఫ్రాన్సిస్ కాలంలో స్వరం మారింది. స్వలింగ బంధాలను ఆశీర్వదించే అధికారం చర్చికి లేదని 2021లో ప్రకటించిన వాటికన్ కార్యాలయమే, 2023 డిసెంబరులో అలాంటి జంటలకు పూజావిధి వెలుపల ఆశీర్వాదం ఇవ్వవచ్చంది. అల్లరి రేగడంతో, ఆశీర్వాదమంటే పది పదిహేను సెకన్ల ప్రార్థన అని, బంధాన్ని ఆమోదించడం కాదని వివరణ ఇచ్చుకుంది. ఆఫ్రికా బిషప్పుల సమాఖ్య తమ ఖండంలో అదీ ఉండదని 2024 జనవరిలో చెప్పింది. స్వలింగ స్వభావం నేరం కాదని, నేరాన్నీ పాపాన్నీ కలపవద్దని ఫ్రాన్సిస్ 2023 ఆరంభంలో అన్న మాట ఈ ఆశీర్వాదం కంటే పెద్దదని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ పాటికి చాలా దేశాల్లో బిషప్పులు జైలు శిక్షలను సమర్థిస్తూ ఉన్నారు.

ఆర్థొడాక్స్ చర్చిలు నిషేధంలోనే ఉన్నాయి, చర్చ కూడా తక్కువ. ప్రొటెస్టెంట్లలో బాప్టిస్టులు, పెంతెకొస్తులు ఎక్కువగా అటే. వారిలోంచి వెలివేతకు గురైన ట్రాయ్ పెర్రీ అనే పెంతెకొస్తు పాస్టరు 1968 అక్టోబరులో లాస్ ఏంజెలెస్ దగ్గర ఉన్న తన ఇంట్లో పన్నెండు మందితో ఆరాధన మొదలుపెట్టాడు. మెట్రోపాలిటన్ కమ్యూనిటీ చర్చి అలా పుట్టింది. స్వీడన్ లూథరన్ చర్చి 2009 నుంచి స్వలింగ జంటలకు పెళ్లిళ్లు చేస్తోంది. ఇథియోపియాలోని పెద్ద లూథరన్ సంఘం మెకానె యేసుస్ 2013లో దానితో సంబంధం తెంచుకుంది. అమెరికాలో యునైటెడ్ మెథడిస్టులు ఈ ఆచరణ క్రైస్తవ బోధకు సరిపడదని 1972లో నియమావళిలో రాసుకుని, యాభై ఏళ్లు తగవులాడి, 7,600కు పైగా సంఘాలు విడిచిపోయాక, 2024లో ఆ మాటలు తుడిచేశారు. గే పాస్టర్ల మీద నిషేధం ఎత్తివేతకు 692 ఓట్లు, వ్యతిరేకంగా 51 వచ్చాయి. ఆ తేడాలో మనసు మారినవారితో పాటు గది విడిచి వెళ్లినవారూ ఉన్నారు.

ఇది పాశ్చాత్యులకూ ఆఫ్రికా, ఆసియాలకూ మధ్య పోరు అని ముగించేయడం సులభం. కానీ దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ స్వలింగ ప్రియులను ద్వేషించే దేవుడిని తాను ఆరాధించనని 2013లో అన్నారు. ఈ చర్యలను నేరం చేసిన శిక్షాస్మృతులు చాలా వలస దేశాలకు బ్రిటిషు పాలనతోనే వచ్చాయి. ఆ శాసనాల మూలం 1533 నాటి ఇంగ్లండ్ చట్టం. దిగుమతి ఏదన్న ప్రశ్నకు జవాబు అంత తిన్నగా రాదు.

ఈ తగవు మొత్తాన్ని ఒకే గదిలో చూడాలంటే ఆంగ్లికన్లను చూడాలి. 1998 లాంబెత్ సమావేశం ఈ ఆచరణ లేఖనాలకు విరుద్ధమన్న తీర్మానాన్ని 526 - 70 ఓట్లతో నెగ్గించింది. అదే తీర్మానంలో స్వలింగ స్వభావం ఉన్నవారి అనుభవాన్ని వింటామన్న మాట కూడా ఉంది. 2003లో అమెరికాలో జీన్ రాబిన్సన్ అనే గే పాదిరి, భాగస్వామి ఉన్న సంగతి దాచకుండానే, బిషప్ అయ్యాడు. 2008లో సంప్రదాయవాదులు యెరూషలేములో సొంత సమావేశం పెట్టుకున్నారు. ఇంగ్లండ్ చర్చి 2023 డిసెంబరు నుంచి స్వలింగ జంటల కోసం ప్రార్థనలను అనుమతించింది, పెళ్లిని కాదు. దానితో రెండు పక్షాలకూ కోపమే వచ్చింది.

వీటి మధ్యలో 2022 లాంబెత్ సమావేశం వచ్చింది. నైజీరియా, ఉగాండా, రువాండా బిషప్పులు రాలేదు. స్వలింగ వివాహం చేసుకున్న బిషప్పులను పిలిచారు, వారి భాగస్వాములను పిలవలేదు. అక్కడ ముందుకు వచ్చిన పత్రం, ఎక్కువ సంఘాలు 1998 బోధనే పట్టుకుని ఉన్నాయని, కొన్ని సంఘాలు ప్రార్థనతో, అధ్యయనంతో వేరే నిర్ణయానికి వచ్చాయని పక్కపక్కనే రాసింది. దాని మీద ఓటింగు పెట్టలేదు. వచ్చిన సంప్రదాయవాద బిషప్పుల్లో పలువురు ఆరాధనలకు హాజరవుతామని, స్వలింగ భాగస్వాములున్న బిషప్పులతో కలిసి ప్రభువు బల్లలో మాత్రం పాలుపొందబోమని ముందే చెప్పారు.